సరిహద్దు అవతల నా గొంతు

అంతర్జాల నియంత్రణ శాఖ ఉన్నతాధికారి గారి సముఖమునకు,

విషయం: తమ ఉత్తర్వు వలన విదేశంలో చిక్కుపడిన నా గొంతును నాకు ఇప్పించు విషయమై.

అయ్యా,

1. నేను పండ్ల మార్కెట్టులో వేలం వేసి బతికినవాడను. గొంతులో క్యాన్సరు వచ్చి, ఆపరేషన్లో స్వరపేటిక తీసివేసినారు. అంతకుముందే నా భార్య ముందుచూపుతో నా మాటలు రికార్డు చేయించి, ఒక కంపెనీ వారి క్లౌడులో దాచిపెట్టించినది. నేను ఫోనులో టైపు చేస్తే అది నా గొంతుతోనే పలికెడిది.

2. సదరు క్లౌడు అనగా మబ్బు కాదనియు, పరాయి దేశంలో ఒక షెడ్డులోని కంప్యూటర్లనియు ఇప్పుడు తెలియవచ్చినది. అదే కంప్యూటర్లలో అద్దెకున్న మరెవరో ప్రభుత్వమును తిట్టినందున తమరు ఆ చిరునామా మొత్తమునకు అడ్డుకట్ట వేసినారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుట అనగా ఇదియే. క్షమించవలెను, నోరు జారినది. నాకు నోటిమాట లేదు గనుక చేయి జారినదని చదువుకొనవలెను.

3. తమ ఫిర్యాదుల నంబరుకు ఫోను చేయగా, "హలో, మాట్లాడండి... మాట్లాడరేంటండీ?" అని పెట్టేసినారు. నా బావమరిది చేస్తే, "ఫిర్యాదుదారే మాట్లాడాలండీ" అన్నారు. కార్యాలయానికి పోతే గుమాస్తా గారు, "గొంతు విదేశంలో ఉందంటున్నారుగా? అయితే దిగుమతుల శాఖకి వెళ్లండి" అని సెలవిచ్చినారు.

4. ఇదంతా ఓర్చుకోగలను. కానీ నా భార్యకు చూపు లేదయ్యా. నేను రాసింది చదవలేదు. ఆమెకు నేనంటే ఆ గొంతే. బావమరిది ఫోనులో వేరే ఎవరిదో గొంతు పెట్టి ఇచ్చాడు. "నేనే" అని టైపు చేశానో లేదో, "ఎవడ్రా నువ్వు? మా ఆయనేడీ?" అని చేతికర్ర ఎత్తింది. తమ నిషేధం సంగతి తన తమ్ముడే చెప్పినా నమ్మలేదు. "ఫోను మోగుతూనే ఉందిగా! నా మీద అలిగి మాటలు మానేశాడు. నువ్వు వెనకేసుకొస్తున్నావు" అంది. చేయి పట్టుకోబోతే విదిలించుకుంది.

5. నిన్న పొద్దున, "అలిగింది చాలు, ఒక్క మాట అనవయ్యా" అని ఏడ్చింది. ఏం చేయాలో తోచక, ఇక్కడే ఉన్నానని తెలియడానికి బల్ల మీద మూడుసార్లు కొట్టాను. ఇన్నేళ్లు వేలంవాడి పెళ్లాంగా బతికిన మనిషి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని సుత్తి పడితే పాట ముగిసినట్టేనని ఆమెకు ఒకరు చెప్పాలా? "ఓహో, కొట్టేశావా? ఇక మనకి తెగిపోయినట్టేనా?" అంది. నేను తల అడ్డంగా ఊపితే ఆమెకేం కనిపిస్తుంది? అప్పటినుంచి మెతుకు ముట్టలేదు.

కావున తమరు గోడ మొత్తం తీయనక్కరలేదు. నా గొంతు పట్టేంత సందు ఇప్పించండి. ఈ మూగవాడి మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పండ్ల మార్కెట్టు మాజీ వేలందారు

తా.క.: సందు కుదరకపోతే ఒక్క పూట తెరవండయ్యా. "పాట ముగియలేదే, నేనిక్కడే ఉన్నాను" అని చెప్పి ఆమెకు ఓ ముద్ద తినిపిస్తాను. ఇది ఒకటోసారి అడగడం. రేపు వచ్చి రెండోసారి అడుగుతాను. మూడోసారి మాత్రం నా చేత అనిపించకండి.