ఖాళీ ట్యాంకు

తమ్ముడూ వీరన్నా, నిన్ను చంపింది పాత ట్యాంకు కాదు, "ఖాళీదే కదా" అన్న నీ మాట. పెట్రోలు తీసేసినా ఆవిరి మిగులుతుందని తెలిసీ, కారు ఓనరు తొందరకు లొంగి వెల్డింగ్ పెట్టావు; ట్యాంకు పేలింది. తొందరపెట్టినవాడు నీ దినానికి కూడా రాలేదు.

ఇవాళ ఇల్లందులోని నీ షెడ్డుకు పెనుబల్లి ఆసామి ఒకాయన పాత అంబాసిడర్ తెచ్చాడు. దానికి వేరే బండి ఇంజన్, పొగగొట్టం బిగించారు; ఆ గొట్టానికి వెనకున్న పాత ట్యాంకు అడ్డొస్తోంది.

"కోసి, కురచ చేసి అతుకెయ్యమ్మా. ఖాళీదేలే, జల్దీ కావాలి," అన్నాడు.

నీ భార్య వెల్డింగ్ హోల్డర్ కింద పెట్టింది. "ఖాళీదని మా ఇంటాయన గూడ అన్నడు. కొత్త రేకుతోని చేస్త. లేకుంటే బండి తీస్కపో."

"మీ ఆయనైతే ఈపాటికి చేసిచ్చేవాడు."

"అవ్. అందుకే ఆయన లేడు."

నేను ఉపన్యాసానికి నోరు తెరిచాను. "నువ్వూకో బావా," అంది. ఆసామి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

కొత్త ట్యాంకు తయారవుతోంది. నా కోపం తగ్గలేదు. ఆమె ఊకోమన్నది నోటినే కాబట్టి, నీ షెడ్డు గోడ మీద సున్నంతో రాశాను:

పాత ట్యాంకుకు వెల్డింగ్ అడగొద్దు.
కొత్త రేకుకు ఒప్పుకోవాలి.
పనిచేసేవాళ్లను తొందరపెట్టొద్దు.
ఖాళీ అనే మాట ఇక్కడ అనొద్దు.