కాగితాలు కోసే మిషను గురించి

తమ్ముడూ,

నువ్వు క్షేమమని తలచి అక్క రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను నాన్న నాటిది. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కత్తి దిగేది. ఒక బటను పాడైతే, ఆ సామాను ఇప్పుడెక్కడా దొరకదని, నా కొడుకు చేత దాన్ని తీగతో నొక్కి కట్టించావు. "బంగారంలాంటి మిషను అక్కా, కొత్తది దండగ" అన్నావు. నేనూ తలూపాను. ఇప్పుడు వాడి ఎడంచేతికి మూడు వేళ్ళు లేవు.

ఆసుపత్రికొచ్చి, ఆ మిషను మర్మం బయటివాళ్ళకి తెలియదు, సోమవారం నుంచి కోడల్ని పంపమన్నావు. వీడు మంచంలోంచే ఆమెకు నేర్పుతున్నాడు. "ఎడంచెయ్యి నడుముకి కట్టేసుకోవే, అదొక్కటే మర్చిపోకు" అంటున్నాడు.

నీకు చెప్పేంతదాన్ని కాను, కోపం తెచ్చుకోకు. కోడల్ని రావద్దని నువ్వే ఒక్క మాట చెప్పు. ఉన్న పని కూడా పోతుందన్న భయంతో వీళ్ళు నా మాట వినడం లేదు.

ఇది రాస్తుంటే వంటింట్లో కోడలు చెయ్యి తువ్వాలుతో కట్టుకుని, పాత పేపర్లు బల్లమీద సర్దుతోంది. ముడి గట్టిగా ఉందో లేదో చూడమని నన్ను పిలుస్తోంది.

అక్క