భోంచేశారా అని అడిగితే

2020 ఫిబ్రవరి 24, సోమవారం

వృద్ధుల హాలుకు తాళం వేశారు. డేగు నగరంలో కరోనా జబ్బు పెరిగిందో లేదో మా చిన్న ఊళ్లోనూ అన్నీ మూత. నా బ్యూటీ పార్లర్ కూడా మూసేశాను. జుట్టు పెరిగితే ఎవరూ చావరు. కానీ ఆ హాల్లో ముసలివాళ్లంతా మధ్యాహ్నం కలిసి వండుకుని తినేవాళ్లు. చాలామందికి కడుపునిండా తినే పూట అదొక్కటే. ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

మా వేకువ సేవా క్లబ్బుకు వంటగది ఉంది కదా, మనమే డబ్బాలు కట్టి గుమ్మాలకు తగిలించి వద్దామన్నాను. అందరూ సరేనన్నారు. ప్రెసిడెంట్ కూ బొన్‌సొక్ గారైతే చప్పట్లు కూడా కొట్టారు.

ఫిబ్రవరి 27

ముల్లంగి పులుసు, గుడ్డు, కిమ్చీ పచ్చడి. చేతులు పీకుతున్నాయి. హాయిగా ఉంది.

మార్చి 2

ఆపేశారు! డబ్బాల వల్ల ఎవరికైనా జబ్బు అంటితే క్లబ్బు పేరు పోతుందట. ముందు ఫోన్ చేసి కనుక్కుని, అవసరమున్నవాళ్లకే ఇద్దామట. ఫోన్లు చేసే భారం ప్రెసిడెంట్ గారే నెత్తిన వేసుకున్నారు. మహానుభావుడు.

మార్చి 4, సాయంత్రం

ఒళ్లు మండిపోతోంది. రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను.

ఫోన్లో మీటింగ్ పెట్టారు. అందరితోనూ మాట్లాడాను, అందరూ శుభ్రంగా తింటున్నారు, డబ్బాల ప్రాజెక్ట్ ఇక అక్కర్లేదు అన్నాడు ప్రెసిడెంట్. ఇంతకీ ఏమని అడిగారండీ అన్నాను. ఏమని అడుగుతాం మిరాన్ గారూ, భోంచేశారా అని అడిగాను, తిన్నాం బాబూ అన్నారు అన్నాడు.

భోంచేశారా అని అడిగాడట! ఈ కొరియా దేశంలో ఆ మాటకు తినలేదని జవాబు చెప్పిన మనిషిని చూపించమనండి. అది పలకరింపు. దండం పెడితే తిరిగి దండం పెట్టినట్టు, భోంచేశారా అంటే తిన్నాననడమే. పొద్దుటి నుంచి కాఫీ తప్ప నోట్లో ఏమీ పడకపోయినా, పోస్ట్‌మ్యాన్ అడిగితే నేనూ తిన్నాననే అంటాను. ఈయనా అంటాడు. ఈయన తాతా అన్నాడు.

అదే చెప్పాను. పెద్దవాళ్లు అబద్ధాలాడతారా మిరాన్ గారూ అని నవ్వాడు. పార్లర్ మూతపడి పాపం ఆవిడకు పోట్లాటకు మనుషులు దొరకడం లేదని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. ఇకమీదట బస్టాపులకు మందు కొట్టాలట. పసుపు వెస్టులు, బ్యానర్, ఫోటో.

మార్చి 5

బస్టాపులు మెరిసిపోతున్నాయి. బస్సులే లేవు.

మార్చి 7, శనివారం

హామన్ అవ్వ ఇంటికి వెళ్లాను. హామన్ అనే ఊరి నుంచి కోడలుగా వచ్చింది కాబట్టి ఊరంతా ఆవిడను అలాగే పిలుస్తుంది. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. నా పెళ్లికి ముందు నుంచీ ఆవిడ జుట్టు కత్తిరిస్తున్నాను.

మాస్క్ పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. తిన్నానే తల్లీ, ఇప్పుడే తిన్నా అంది. ఏం కూర అన్నాను. ముల్లంగాకు పులుసు అంది. ముల్లంగాకు పులుసు కాస్తే వీధి చివరిదాకా వాసన వస్తుంది. ఆ ఇంట్లో చన్నీళ్ల వాసన తప్ప ఏమీ లేదు. మెడ చాచి చూస్తే గిన్నెలో నీళ్లు పోసిన అన్నం, పక్కన సోయా సాస్ సీసా.

మరి ఫోన్లో ఎందుకు చెప్పలేదు అన్నాను. నన్నే తిట్టింది. పెద్దమనిషి మర్యాదగా పలకరిస్తే, తినలేదురా అని మొహాన కొట్టమంటావా, మా అమ్మ నన్నలా పెంచలేదు అంది.

నేను పట్టుకెళ్లిన డబ్బా తీసుకోలేదు. హాల్లో అందరం కలిసి తిన్నాం, ఇప్పుడు నేనొక్కదాన్నే తింటే గొంతు దిగుతుందా అంది. తలుపు వేసేసింది.

మార్చి 9

ఫోన్ మీటింగ్‌లో అంతా చెప్పాను. చూసిందంతా చెప్పాను. ప్రెసిడెంట్ గొంతు సవరించుకుని, ప్రాజెక్ట్ పూర్తయిందని పైవాళ్లకు రిపోర్ట్ వెళ్లిపోయింది, అయినా నిజంగా కావాలంటే వాళ్లలో ఒక్కరైనా నోరు తెరిచి అడగనివ్వండి, అడగందే అమ్మైనా పెట్టదు కదా అన్నాడు.

మా అమ్మ అడక్కుండానే పెట్టింది, మీ అమ్మ సంగతి నాకు తెలియదు అన్నాను. తర్వాత నన్ను క్లబ్బు గ్రూపులోంచి తీసేశారు. తీసేస్తే తీసేయనీ. వెస్టు చెత్తబుట్టలో పడేశాను. మళ్లీ తీసి ఉతికాను. మంచి గుడ్డ.

మార్చి 11

అవ్వను బతిమాలాను. ఒక్కసారి, ఒక్క మాట, ఆకలిగా ఉందని ఫోన్లో చెప్పు, అందరికీ డబ్బాలు వస్తాయి అన్నాను. యుద్ధంలో గడ్డి దుంపలు తవ్వుకు తిన్నాను కానీ ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, ఇప్పుడు చాపమంటావా అంది. ఇంకోసారి ఆ మాటెత్తితే నా గుమ్మం తొక్కకు అంది.

ఆవిడ మీదా కోపం వచ్చింది. అందరి మీదా వచ్చింది. పరువుకు కడుపు ఉండదు. మనుషులకు ఉంటుంది.

మార్చి 14

అవ్వ పక్కింట్లో ఒంటరిగా ఉండే కాప్సు తాత వాకిట్లో పడిపోయాడు. అంబులెన్స్ వచ్చింది. తెల్ల సూట్ల వాళ్లను చూసి ఇంకేముంది, జబ్బే అని వీధంతా తలుపులు బిగించుకుంది. జ్వరం లేదు. జబ్బూ లేదు. ఒంట్లో తిండి లేదు, అంతే. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఏమైనా తిన్నారా తాతా అని అంబులెన్స్ పిల్లవాడు అడిగితే, తిన్నానయ్యా, మరి నువ్వు తిన్నావా అన్నాడు.

హామన్ అవ్వ గోడ పక్కన నిలబడి అంతా విన్నది. నావైపు చూడలేదు. గ్లూకోజ్ ఎక్కించి సాయంత్రానికి తాతను ఇంటికి పంపేశారు. ఆ ఇంట్లో తినడానికి ఏముందని పంపారు? అడిగేవాడే లేడు. తలచుకుంటుంటే ఏడుపొస్తోంది.

మార్చి 16

పొద్దున్నే ప్రెసిడెంట్ ఫోన్. గొంతు ఎలాగో ఉంది. హామన్ అవ్వ తెల్లారీ తెల్లారకముందే ఆయనకు ఫోన్ చేసిందట. భోంచేశారా బాబూ అని ముందు తనే అడిగిందట. ఇంకా పక్క దిగని మనిషి, ఆఁ తిన్నానండీ అనేశాడట.

నేను తినలేదు అందట అవ్వ. పక్కింటి కాప్సు కూడా తినలేదు, అడిగితే తిన్నాననే అంటాడు, నమ్మకు అందట.

వంటగది తాళంచెవి పంపించాడు. బియ్యం నానబోశాను.