లాగడానికి సర్వసన్నద్ధం

సోమవారం, ఉదయం

శుభమైన ఈ సోమవారంనాడు, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకొని, వాకిట నిలిచిన డీజిల్ పికప్పుకు అభిముఖంగా నిలబడి నేను చేసిన సంకల్పం ఇది: నా కుమార్తె పెంచుతున్న తేనెటీగల పెట్టెలన్నిటినీ ట్రాలీకెక్కించి, కొండ అవతలి పొద్దుతిరుగుడు పొలానికి, పూత విచ్చే వేళకు, నా బండితోనే లాగించి చేర్చెదను. అందుకు తగిన బలమును బండికి సమకూర్చెదను. బావమరిది ట్రాక్టరును మాత్రం అడుగను.

ప్రయోజనం: కిందటి పూతకు మాట్లాడుకున్న అద్దె వ్యాను డ్రైవరు ఈగలను చూసి, వ్యానును మా వాకిట్లోనే వదలి కాలినడకన నిష్క్రమించాడు. పూలు విచ్చాయి, రాలాయి. ఆకలికి సగం పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఈసారి కూడా పూత తప్పితే పెట్టెలు అమ్మేసి, విడిచిపెట్టిన లెక్కల ఆఫీసుకే తిరిగి పోతానని అమ్మాయి అంటున్నది. ఆ ఆఫీసునుండి ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నేను మరువలేదు.

బావమరిది, అనగా నా భార్య తమ్ముడు, కొండ దిగువన కాపురముంటాడు. అతని ట్రాక్టరు వయసులో నాకంటే చిన్నది. నడకలో పెద్దది.

సోమవారం, సాయంత్రం

మెకానిక్కును పిలిపించాను. ఊరంతా అతణ్ణి బోల్టు అంటారు. సహృదయుడు. బండికి కావలసిన బలాన్ని నేను పూర్వపక్ష సిద్ధాంతాలతో వివరిస్తుంటే, చేతిలో స్పానరు పట్టుకుని నోరు తెరిచి విన్నాడు.

నిర్ణయమైనవి: కొత్త టర్బో. పెద్ద రేడియేటరు. వెనక అదనపు కమాను పట్టీలు. గట్టి క్లచ్ ప్లేట్లు. ట్రాలీ తగిలించేందుకు ఉక్కు కొక్కెం.

"ఇంక ఇది బండి కాదు మాస్టారూ, ఏనుగండి," అన్నాడు బోల్టు. ఉపమానం పాతదే. అయినా స్వీకరించాను.

అమ్మాయి జాబితా చూసింది. "మరి బ్రేకుల సంగతేంటి నాన్నగారూ?"

"ప్రస్థానం గురించి మాట్లాడుకుంటుంటే విరామం ప్రసక్తి ఎందుకమ్మా?" అన్నాను. బోల్టు తల ఊపాడు. వాక్యం అతనికి నచ్చింది. నాకూ నచ్చింది.

గురువారం

టర్బో అమరింది. యాక్సిలరేటరు తొక్కగానే ఈల వేస్తున్నది. దేహంలో ఇరవై ఏళ్ళు తగ్గినట్టున్నది. బండి దేహంలో కూడా.

స్వల్ప లోపం: పొగ. ఎదురింటావిడ ఆరవేసిన దుప్పట్లు తెల్లవిగా ఉండేవి. ఇప్పుడు మేఘవర్ణంలో ఉన్నవి.

"తేనెటీగలకి పొగ పెడితే శాంతిస్తాయటగా," అన్నది నా భార్య, కిటికీలోంచి. "ఆవిడకి ఇంకొంచెం పెట్టి చూడండి."

శనివారం

కమాను పట్టీలు బిగించారు. వెనకభాగం ఠీవిగా లేచి నిలిచింది. బరువు లేనప్పుడు మాత్రం ప్రతి గుంతలోనూ మనుషుల్ని గాలిలోకి ఎగరేస్తున్నది. భార్యను కూరగాయల అంగడికి తీసుకువెళ్ళాను. పోయేటప్పుడు నాతో వచ్చింది. వచ్చేటప్పుడు బస్సులో వచ్చింది.

"మోకాళ్ళు రెండూ ఇంట్లోనే ఉన్నాయో లేవో చూసుకుంటున్నాను, పలకరించకండి," అన్నది.

బలమునకు బరువే సమాధానమని చెప్పాను. ట్రాలీ తగిలిస్తే కుదుటపడుతుంది. కాని ట్రాలీ తగిలించడానికి ముందు ఇంకొక ముఖ్యమైన పని మిగిలి ఉన్నది.

ఆదివారం

ముఖ్యమైన పని: వెనక తలుపు మీద పద్యం. బండి బలాన్ని వర్ణిస్తూ సీసం రాశాను. పెయింటరు ఉదయంనుండి నిచ్చెన వేసుకొని రాశాడు. సీసం తలుపు మీద పట్టింది. చోటు చాలక ఎత్తుగీతి బంపరు మీదికి దిగింది.

అమ్మాయి వచ్చి చాలాసేపు చూసింది. "బాగుంది నాన్నగారూ. ట్రాలీ తగిలిస్తే ఇది ఎవరికి కనిపిస్తుంది?"

ఈ కోణం నాకు తట్టలేదు. తట్టలేదని చెప్పలేదు.

మంగళవారం

రద్దీ వీధిలో ఎర్రదీపం దగ్గర ఆగాను. పాల వ్యాను ఒకటి వచ్చి వెనక బంపరును సున్నితంగా ఒత్తింది. దిగి అడిగాను.

"చదువుతున్నానండీ," అన్నాడు డ్రైవరు. "మూడో పాదం దగ్గరున్నాను. ఇంత పొడుగ్గా రాస్తే దగ్గరికి రాకుండా ఎలా చదవమంటారు?"

చదువరి దొరికాడన్న సంతోషమూ, ఎత్తుగీతి మొదటి సగం సొట్టపోయిందన్న విచారమూ ఒకేసారి కలిగాయి. అతనికి మిగిలిన పాదాలు వినిపించాను. వెనక హారన్లు మోగాయి. కవిత్వానికి ఇది కొత్త కాదు.

గురువారం

ట్రాలీ తగిలించి పరీక్షించాలి. ఈరోజు వీలుపడలేదు. కారణాలు: ఉదయం మబ్బు. మధ్యాహ్నం ఎండ. సాయంత్రం మబ్బూ ఎండా లేకపోవడంతో నిద్ర పట్టింది.

అమ్మాయి పొలం యజమానితో ఫోనులో మాట్లాడింది. మొగ్గలు పసుపు తిరిగాయట. వేరొకరు కూడా పెట్టెలు తెస్తామని అడుగుతున్నారట. "వారం చివర్లోగా మేం దించకపోతే ఆ చోటు వాళ్ళకిచ్చేస్తాడట," అన్నది. నన్ను ఉద్దేశించి అనలేదు. నేను అక్కడే ఉన్నాను.

శుక్రవారం, మధ్యాహ్నం

పరీక్ష. ఈగల బదులు నీళ్ళ డ్రమ్ములు ఎక్కించాము. పక్క సీటులో బోల్టు.

కొండ ఎక్కడం: అద్భుతం. టర్బో ఈల, కమాన్ల నిబ్బరం, ఎక్కడా తడబాటు లేదు. శిఖరం మీద ఒక్క క్షణం ఆగి ఉంటే నా జన్మ ధన్యమని రాసుకునేవాణ్ణి.

ఆగలేదు. ఆగడం అక్కడినుండే సమస్య అయింది.

దిగువకు తిరిగాక, వెనక ట్రాలీ ముందున్న నన్ను తొయ్యడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కాను. బండి నా విన్నపాన్ని విన్నది, కాని మన్నించలేదు. బోల్టు కూడా తన వైపు నేలను తొక్కుతున్నాడు. అక్కడ బ్రేకు లేదు. గేరు తగ్గించి, రోడ్డు వదిలి, మెత్తగా కనిపించిన చోటికి తిప్పాను.

మెత్తగా కనిపించినది బావమరిది టమాటా మడి.

అతను కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలోంచి వచ్చాడు. విరిగిన కంచెను చూశాడు. నన్ను చూశాడు. ఎవరికీ దెబ్బ తగలలేదని చూసుకున్నాకే మాట్లాడాడు. అది అతని మంచితనం. మాట మాత్రం అంత మంచిది కాదు.

"గేటు తీసే ఉంది కదా బావగారూ. ఇటుగా వచ్చారేం?"

"నీరు చంచల స్వభావం కలది," అన్నాను. "డ్రమ్ముల్లో ఊగి బండిని తోసింది."

"అలాగా. మరి మా టమాటాల స్వభావం ఏమిటండీ?"

శుక్రవారం, సాయంత్రం

బోల్టు మడి బురద దులుపుకుంటూ అన్నాడు: "మాస్టారూ, లాగడానికని అన్నీ చెప్పారు. ఆపడానికని ఒక్కటీ చెప్పలేదు. మీరలా చెబుతుంటే నేనూ వింటూ ఉండిపోయానండి. ట్రాలీకి బ్రేకుల్లేవని తెలుసు. మీ మాటకి అడ్డం రావడం ఎందుకనిపించింది."

ఒకడు మాట్లాడడంలో మునిగాడు. ఒకడు వినడంలో మునిగాడు. అడిగినది అమ్మాయి ఒక్కతే. ఆమెకు నేను చక్కని వాక్యం ఇచ్చి పంపించాను.

 ఇంట్లో ఆమె పెట్టెల మూతులకు జాలీలు కత్తిరించుకుంటూ కూర్చున్నది. ఆ ముఖం లెక్కల ఆఫీసు నాటి ముఖం. అది చూడలేక నేనే బావమరిదికి ఫోను చేశాను.

"ఏమోయ్, రేపు నీ ట్రాక్టరు…"

"అమ్మాయి నిన్ననే చెప్పింది బావగారూ, మీరు అడిగితే తీసుకురమ్మని. అడగకపోతే ఏం చేస్తావే అంటే, అడుగుతారు మామయ్యా అంది. దాని నమ్మకం దానిది. నేనైతే అడగరనే అనుకున్నాను."

నా సంకల్పం ఈ విధంగా ముగిసింది. పోయినది సంకల్పమే. పోకూడనిది ఇంకా ఉన్నది.

శనివారం, తెల్లవారుజాము

ఈగలు బయటికి రాకముందే కదిలాము. ముందు ట్రాక్టరు, వెనక ట్రాలీలో పెట్టెలు, వాటి వెనక నా పికప్పు. నా బండి మోసిన బరువు: నా భార్య, ఒక ఫ్లాస్కు. ఆమె కింద రెండు దిండ్లు వేసుకున్నది.

దిగువలో బావమరిది గేరు పూర్తిగా తగ్గించి, నత్తకు సైతం దారి ఇవ్వదగిన వేగంతో దిగాడు. నా టర్బో ఒక్కసారి కూడా ఈల వేయలేదు. వేయడానికి అవకాశం రాలేదు.

"ఇదీ దిగడం అంటే," అన్నది నా భార్య.

"నీ తమ్ముడు కదా," అన్నాను.

"అందుకే ఇంటికి వెళ్ళేదాకా ఇంకోసారి అనను. ఇంటికెళ్ళాక అంటాను."

పొలంలో పూలన్నీ తూర్పుకు తిరిగి ఉన్నవి. అమ్మాయి జాలీలు తీసింది. ఈగలు కాసేపు పెట్టెల ముందే గింగిరాలు తిరిగి, కొత్త చోటును గుర్తు పెట్టుకుని, ఒక్కొక్కటిగా పసుపులోకి దిగాయి. ఆమె గట్టున కూర్చుని, ముఖానికి కట్టుకున్న వల పైకెత్తి, చప్పుడు లేకుండా నవ్వింది. అది ఆఫీసు ముఖం కాదు.

తర్వాత వచ్చి నా బండి తలుపుకు ఆనుకుని నిలబడింది. "ఈ పూత అయ్యాక నువ్వుల పొలానికి మార్చాలి నాన్నగారూ. మామయ్యకి అప్పుడు దుక్కి పని ఉంటుంది. రాలేడు."

బ్రేకుల పేరు ఎత్తలేదు. అనవలసినది మొదటిరోజే అన్నది.

ఆదివారం, ఉదయం

శుభమైన ఈ ఆదివారంనాడు, కాఫీ ఇంకా తాగకుండానే, పునఃసంకల్పం. జాబితా: బండికి కొత్త బ్రేకులు. ట్రాలీకి వేరే బ్రేకులు. కొండ దిగడం నేర్పుటకు బావమరిది. (ఒప్పుకున్నాడు. గురుదక్షిణ: కంచె, టమాటా నారు, నా మౌనం.) బోల్టుకు ఒక నియమం: నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రావలెను.

పెయింటరు వచ్చి సీసాన్ని గీకివేస్తున్నాడు. దాని స్థానంలో, దూరంనుండి కనబడేంత పెద్ద అక్షరాలతో, రెండు ముక్కలు మాత్రం రాయమన్నాను. ట్రాలీ వెనక పలక మీద కూడా అవే.

దూరంగా రండి. క్షేమంగా చేరండి.

ఈ దారిన మా వెనక వచ్చువారందరికీ ఎక్కుటకు బలమును, దిగుటకు నిదానమును, అడిగిన మాటను ఆలకించు చెవియును కలుగుగాక. వారి బండ్లు అనుకున్న చోట ఆగుగాక. వారి పెట్టెలు పూత వేళకు పొలము చేరుగాక.