రేగు చెక్క గిన్నెకు వార్నిష్

గురువారం, కల్బా

పాలిష్ కొట్టే లింగం గాడి మీద కోపం ఇంకా దిగలేదు. మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, అంటే మా కఫీల్, వాళ్ల నాన్న తన ఇంటి ముందు కూలిన రేగు చెట్టులో మిగిలిన ఒకే ఒక్క మంచి ముక్క తెచ్చి, తినే గిన్నె చేయమన్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ అలాంటి దాంట్లోనే పెట్టేదట. లేత్ మీద నున్నగా తీశాను. నూనె తప్ప ఏమీ పట్టించొద్దని లింగానికి చెప్పి మరీ భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తలుపుకు కొట్టినట్టు వార్నిష్ కొట్టి, పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

"వద్దన్నాను కదరా!"

"నీ మాట ఎట్ల నమ్మాలె అన్నా? మొన్న పాలిష్ డబ్బల మజ్జిగ పోసింది ఎవ్వలు?"

ఆ మజ్జిగకు షెడ్డంతా పడీపడీ నవ్వింది. అది మాత్రం ఎవడూ చెప్పడు.

మళ్లీ లేత్‌కు ఎక్కించి, వార్నిష్ పోయేదాకా లోపలా బయటా గీకాను. గిన్నె అప్పడమంత పలచనైంది. సాయంత్రం ముసలాయన వచ్చి, దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"బాబా, ఇందులో వేడిది వేయకండి, పగులుతుంది" అని వచ్చిన హిందీలో చెప్పాను.

"వీడి మాటలు పట్టించుకోకండి, పెద్ద జోకర్" అన్నాడు పక్కనున్న మా మేనేజరు ముదీర్.

ముసలాయన నా వీపు తట్టి, "మజాక్ మత్ కరో, రఫీక్!" అని, ఇక్కడ పనివాళ్లందర్నీ పిలిచినట్టే నన్నూ నేస్తమని పిలిచి, నవ్వుతూ కారెక్కాడు.

రేపు శుక్రవారం. వాళ్లింట్లో పొద్దున్నుంచే గోధుమలూ మాంసమూ కలిపి హరీస్ ఉడుకుతుంది. పొయ్యి మీది నుంచి నేరుగా ఆ గిన్నెలోకే...

దేవుడా, నేను చెప్పింది ఈ ఒక్కసారికి అబద్ధం కానీ.