ఇల్లుటం, మూడో సీజన్

మార్చి 12, బుధవారం

ఈ రోజు నా ముందుకు 71 నంబరు వచ్చాడు. పేరు ఫైల్‌లో ఉంది కానీ నోరు తిరగదు. నంబరే నయం.

కామారెడ్డి బస్టాండు ఎదురుగా మూడో అంతస్తులో పద్నాలుగు మందిమి పొద్దంతా అమెరికా ఫుట్‌బాల్ వీడియోలు చూస్తాం. పేరుకే ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ, ఒకర్నొకరు గుద్దుకునేది ఎక్కువ. సీజన్ అయిపోయాక మార్చిలో ప్లేయర్లు టీంలు మారతారు. అలా మారినవాడు కొత్త చోట కుదిరాడా లేదా చెప్పడం నా డ్యూటీ. చివరి గడిలో హిట్, మిస్, టూ ఎర్లీ, ఈ మూడింట్లో ఒకటి కొట్టాలి. రెండు సీజన్లు దాటితే టూ ఎర్లీ కొట్టనివ్వదు సిస్టం. 71కి రెండూ దాటాయి.

నాకూ దాటాయి. రామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఇల్లుటం, అంటే ఇల్లరికం, వచ్చి ఈ నెలతో రెండేళ్లు. మా ఇంట్లో ముగ్గురు కొడుకులం, వనజ వాళ్లింట్లో ఒక్కతే బిడ్డ. లెక్క సరిపోయిందని పెద్దలు సంతోషపడ్డారు. పెళ్లయ్యాక అప్పగింతలప్పుడు నన్ను కన్న అవ్వ ఏడ్చింది, వనజ ఏడవలేదు. ఆమె ఎక్కడికీ పోవడం లేదు కదా.

మార్చి 13, సాయంత్రం 6.40, ఎల్లారెడ్డి బస్టాండు

బస్సు దిగి అరగంటైంది. ఇంకో గంట ఇక్కడే. చాయ్ రెండోది.

కారణం ఇదీ. టీవీ ముందు గదిలో ఉంది. మా అత్త విమలమ్మ అల్లుడి ముందు కూర్చోదు. నేను గడప దాటగానే కొంగు సర్దుకుని లేచి వంటింట్లోకి పోతుంది. వచ్చిన మొదటి వారం చూశాను, వంటింటి తలుపు సందులోంచి మెడ చాచి సీరియల్ చూస్తోంది పాపం. పొద్దంతా బీడీలు చుట్టే మనిషి. ఆమెకున్న సంతోషం ఆ ఒక్క గంటే. నేనే ఆలస్యంగా పోతే సరిపోతుందనుకున్నాను.

వనజకు చెప్పలేదు. చెబితే వాళ్లమ్మతో పోట్లాడుతుంది. అత్త సిగ్గుపడి టీవీయే మానేస్తుంది. ఆఫీసులో పని ఎక్కువని చెప్పాను.

ఇంటికి పోగానే కాళ్లకు చెంబుతో నీళ్లు పెడతారు. చుట్టానికి పెట్టినట్టు, రెండేళ్లుగా, రోజూ.

మార్చి 20

71 బంతి ముట్టడు. బంతి విసిరేవాడి మీద ఎవరూ పడకుండా అడ్డం నిలబడతాడు, అంతే. పాత టీంలో ఎడమవైపు ఉండేవాడు, ఇక్కడ కుడివైపు పెట్టారు. వాడున్న సందులోంచే అందరూ దూరి వస్తున్నారు. అయినా ఇంకా మిస్ కొట్టలేదు. ఎందుకో చెయ్యి రాలేదు.

మార్చి 30, ఉగాది

పచ్చడి మొదటి గిన్నె నాకే. భక్ష్యాలు నాకే ముందు. మా మామ బాలమల్లు నేను తిని లేచేదాకా కంచం ముట్టడు. నేను చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వచ్చాక లోపల ముగ్గురూ ఒక్కచోట కూర్చుని తిన్నారు. వనజ ఏదో అంది, అందరూ పడీ పడీ నవ్వారు. లోపలికి పోదామని లేచాను. నేను పోతే అత్త లేస్తుంది. మళ్లీ కూర్చున్నాను.

పెద్దన్న ఫోన్ చేసి మంచిగున్నవార అని అడిగాడు. మంచిగున్న అన్నాను. ఫోన్ పెట్టేశాక కండ్లల్లో నీళ్లు తిరిగాయి. రార అని పిలిచేవాడు ఈ ఊళ్లో నాకొక్కడు లేడు.

ఏప్రిల్ 18

వరి కోశారు. కల్లంలో వడ్లు కుప్ప పోశారు. సాయంత్రం మబ్బు పట్టింది, మామ అక్కడ లేడు. టార్పాలిన్ పట్టా తెచ్చి మొత్తం కప్పాను, అంచులకు రాళ్లు కూడా పెట్టాను. మొదటిసారి ఈ ఇంటికి ఒక పని చేశాననిపించింది. వాన రాలేదు.

ఏప్రిల్ 19

పచ్చి వడ్లు. గాలాడకుండా కప్పేశాను. పొద్దున పట్టా తీస్తే పొగలు. చెయ్యి పెడితే కాలింది. పైపైన బాగున్నాయి కానీ నడుమ రంగు మారాయి, వాసన. రామారెడ్డిలో పుట్టినవాణ్ణి, నాకు తెలియదా ఇది! తెలుసు. ఆత్రం.

మామ ఒక్క మాట అనలేదు. పారతో వడ్లు ఆరేలా నెరుపుతూ ఉండిపోయాడు. నేను పార అందుకోబోతే వద్దు, నువ్వు కూసో అల్లుడా అన్నాడు. తర్వాత వనజ చెప్పింది, ఆమె అడిగిందట ఎందుకు ఊకున్నవ్ బాపు అని. అల్లుడాయె, ఏమంటం బిడ్డా అన్నాడట.

కొడుకైతే పార విసిరేవాడు. ఆ పార నాకు తగిలినా బాగుండేది.

కామారెడ్డిలో రూం చూసుకుందామని వనజతో చెప్పాలి. ఈ నెలాఖరులోపు.

ఏప్రిల్ 24

మా పద్ధతి ప్రకారం ఎవరి గురించి రాస్తున్నామో వాడి చుట్టే జూమ్ పెట్టాలి. పక్కవాడితో మనకు పనిలేదు. ఈ రోజు చెయ్యి తగిలి జూమ్ పోయింది, మొత్తం వరస కనబడింది. 71 పక్కవాడికి మోకాలు బాగాలేదు, పట్టీ ఉంది. వాడు వెనకబడిన ప్రతిసారీ 71 తన జాగా వదిలి అటు ఒరుగుతున్నాడు. ఆ సందులోంచే వస్తున్నారు అందరూ. ముప్పై క్లిప్పులు వెనక్కి పోయి చూశాను. ముప్పైలోనూ అంతే.

ఒరే పిచ్చోడా, ఎవరికైనా చెప్పుకోవచ్చు కదరా.

ఏప్రిల్ 25

హిట్ కొట్టాను. మా టీం లీడ్ రాజ్‌కుమార్ సార్ నంబర్లు చూసి వెనక్కి పంపాడు. జూమ్ తీసి చూడమని రాసి మళ్లీ హిట్ కొట్టాను.

ఏప్రిల్ 27, ఆదివారం

మధ్యాహ్నం కల్లం దగ్గర ఒక్కణ్ణే ఉన్నాను. ఉన్నట్టుండి చినుకులు. పట్టా చేతిలో ఉంది. కప్పనా? పోయినసారిలా అయితే? అలాగే నిలబడిపోయాను. మామ రోడ్డు మీద నుంచి ఉరికొస్తూ అరిచాడు, ఏంర, గుడ్లప్పగించి సూస్తున్నవ్, కప్పుర అని!

ర అన్నాడు. రెండుసార్లు.

చెరో అంచు పట్టుకుని కప్పాం. వాన ముదిరింది, ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఆయన ఆపలేదు, రెండేళ్లది ఒక్కసారే కక్కాడు. దినాం బస్టాండ్ల కూసుంటవట, ఊరంత సూస్తున్నది, మా ఇల్లు నీకు గంత చేదయ్యిందా, మేమేం తక్వ జేసినం, పోతనంటే పో, గిట్ల దాసుకునుడెందుకు అన్నాడు.

నేనూ అరిచాను. సీరియల్ మామా, అత్త సీరియల్ కోసం అని. వాన చప్పుడులో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గా సీరియలు కోసమా అన్నాడు. పట్టా అంచుకు ఆఖరి రాయి పెట్టి ఇంటిదారి పట్టాడు.

రూం సంగతి వనజతో చెప్పలేదు.

ఏప్రిల్ 29, సాయంత్రం 6.50

బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాను. చెంబు కనబడలేదు. అత్త టీవీ ముందు కూర్చుని ఉంది. కొంగు సర్దుకుంది, లేవబోయింది, లేవలేదు. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. బ్రేక్ రాగానే దాహమై లేచాను. అత్త టీవీ మీంచి కండ్లు తీయకుండా, బిడ్డా, నాకు సుత ఓ గిలాస నీళ్లు తే అంది.

తెచ్చాను.