మీ అల్లుడికి పాత నెత్తురే ఎక్కించాం, అత్తా

అత్తకు, కోడలు కృష్ణమ్మ దండం పెట్టి రాస్తున్నది.

మీరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. తోటలో మామిడి మళ్ళీ పూతకొచ్చింది. మీ అబ్బాయి మిల్లులో షిఫ్టు ముగించుకుని నేరుగా అక్కడికే పోయి చూసి వచ్చారు. పోయినేటికంటే బాగా పూసిందట. ఈ మాట ముందు మీకే చెప్పాలనిపించింది... అలవాటు అంత త్వరగా పోతుందా?

ఇంకో మాట కూడా ఉంది. అది చెప్పడానికే ఇవాళ కాగితం తీశాను.

మీ అల్లుడికి పాత నెత్తురు ఎక్కించాం, అత్తా. ఎక్కించమని చెప్పింది నేనే.

కోపం వచ్చిందా? నిదానంగా చెబుతాను, వినండి.

కిందటి నెల చోళపురం నుంచి కబురొచ్చింది, మీ అల్లుడుగారు పత్తిచేలో కళ్ళు తిరిగి పడిపోయారని. ఆయన గుండె సంగతి మీకు తెలిసిందే కదా, గట్టిగా నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేసేది. దానికి తోడు కడుపులో పుండు. లోపల్లోపలే నెత్తురు పోతోందని ఎవరికీ తెలియలేదు. మదురైలో ఆసుపత్రికి చేర్చేసరికి పెదవుల్లో చుక్క నెత్తురు లేదు. నేనూ మీ అబ్బాయీ బస్సెక్కి పరుగెత్తాం.

అక్కడ డాక్టరు ఎవరనుకున్నారు? నా కాన్పప్పుడు నన్ను చూసినాయనే! తల నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి, ముందు మిమ్మల్నే అడిగారు. మీరు లేరని చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

వెంటనే నెత్తురు ఎక్కించాలన్నారు. ఆయనకు సరిపడే సీసా అక్కడ ఒక్కటే ఉందట. తీసి చాలా రోజులైంది, గడువు మాత్రం ఇంకా దాటలేదు అన్నారు. సీతాలు వద్దంది.

అవును, మీ కూతురే. వరండాలో బల్ల మీద కూర్చుని ఒకటే మొండిపట్టు. పాతది వద్దు, మా మరుదులు సాయంత్రం బస్సుకు వస్తారు, వాళ్ళ దగ్గర అప్పటికప్పుడు తీసి ఎక్కించండి అంటుంది. ఎందుకమ్మా అని డాక్టరు అడిగితే మీ మాటే అప్పజెప్పింది.

"మొన్న పిండిన పాలు పసిబిడ్డకు పోస్తామా? మొన్న తీసిన నెత్తురు గుండె జబ్బు మనిషికి ఎట్ల పోస్తాము?"

ఈ మాట మీరు ఎన్ని ఇళ్ళల్లో చెప్పారో! మన వీధిలో వినని వాళ్ళుంటారా? చెప్పడం అయ్యాక నన్ను చూపించేవారు. "ఇదో, చూడండి. నా కొత్త నెత్తురు పోసినాకనే ఇది లేచి కూర్చునింది." సీతాలు కూడా డాక్టరుకు నన్నే చూపించింది.

నేనేం చెప్పను? ఆ రోజు జరిగింది అబద్ధం కాదు కదా...

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరంతో నా గుండెలో కవాటం ఇరుకైపోయిందని నా పెళ్ళయ్యాకే మన అందరికీ తెలిసింది. అప్పట్లో మీరు నాతో మాట్లాడటమే తక్కువ. "ఊపిరాడని పిల్లను తెచ్చి నా కొడుక్కి కట్టినారు" అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకునేవారు, నాకు వినబడేటట్టే. పాప పుట్టాక నాకు నెత్తురు ఆగలేదు. నిలవ ఉంచిన మొదటి సీసా ఎక్కిస్తుండగా సగంలో ఆయాసం మొదలైంది. పడుకున్నచోటే నీళ్ళలో మునిగిపోతున్నట్టుంది. డాక్టరు గబగబా ఆపేశారు. ఇంకా నెత్తురు కావాలి, కానీ మిగిలిన సీసా మరీ పాతది, ఇలాంటి గుండెకు అప్పుడే తీసిందైతే మేలనుకుంటున్నాను అన్నారు.

మీ అబ్బాయిది నాకు సరిపడలేదు. చిన్నమామ కాఫీ తాగి వస్తానని వెళ్ళి ఇక కనబడలేదు. నెత్తురు తీస్తే మగవాడి బలం పోతుందని ఆయన భయం. అప్పుడు మీరు కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చారు.

"నాది సరిపోతాదా చూడు డాక్టరు. ఈ చేతితో ఎంత పిండి రుబ్బినానో తెలుసునా? నెత్తురుకు కరువు లేదు."

సరిపోయింది. మీ సీసా తెచ్చినప్పుడు నేను తాకి చూశాను, ఇంకా గోరువెచ్చగా ఉంది. అది బొట్టు బొట్టుగా దిగుతుంటే మీరు నా పక్కనే కూర్చుని కాఫీ తాగారు. నాకు ఆయాసం రాలేదు. మర్నాడు లేచి పాపను ఎత్తుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో నా పేరే మారిపోయింది కదా. "ఏమే నా నెత్తురు, తిన్నావా?" అనేవారు. చుట్టాల ముందు కూడా అలాగే పిలిచేవారు. మొదట్లో సిగ్గుగా ఉండేది... ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు ఎవరున్నారు?

సరే, మదురై సంగతికి వస్తాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి అసలు విషయం చెప్పారు. నిలవ ఉంచితే నెత్తురులో కొన్ని మార్పులు వస్తాయి, అది నిజమేనట. కానీ గడువులోపల ఉన్న సీసా గుండె జబ్బు మనిషికి ఎంత చెడు చేస్తుందో, అసలు చేస్తుందో లేదో తేల్చి చెప్పగలిగేంత తనకు తెలియదన్నారు. ఆ రోజు నన్ను ముంచింది సీసా పాతదనమో, లేక నా గుండె మోయలేనంత వేగంగా ఎక్కించడమో... ఆ రోజుల్లో అందరికీ అదే వేగమట. మీ సీసా ఎక్కించేటప్పుడు మాత్రం నన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, చాలా నెమ్మదిగా వదిలారట. నన్ను బతికించింది కొత్త నెత్తురా, నెమ్మదా? తనకు ఇప్పటికీ తెలియదన్నారు. కానీ లోపల ఉన్న మనిషికి సాయంత్రం దాకా ఆగే ఓపిక లేదు, నెత్తురు చాలక గుండె దెబ్బతింటుంది, అది మాత్రం ఖాయం అన్నారు.

అన్నేళ్ళు వీధంతా చెప్పుకున్న మాట... నా ఒంటినే సాక్ష్యంగా చూపిన మాట. అది తేలని సంగతి అని నా చెవులతో నేనే వినాల్సి వచ్చింది. మీరు ఉంటే ఆయనతో పోట్లాడేవారా?

సీతాలు పక్కన కూర్చున్నాను. మీ మాట తప్పని నేను అనలేదు, అత్తా. ఆ రోజు మీరు అన్న ఇంకో మాట దానికి చెప్పాను. సీతాలు అప్పుడు అక్కడ లేదు కదా, దానికి తెలియదు. ఆడమనిషి దగ్గర నెత్తురు తీయడానికి డాక్టరు సంకోచించి, మగవాళ్ళెవరైనా వచ్చేదాకా చూద్దామంటే మీరు బల్ల మీద ఎక్కి పడుకున్నారు.

"ఎవరో వస్తారని చూస్తా కూర్చుంటే పిల్ల పోతాది. ఇప్పుడు ఉండేది నేను. ఉండేది ఎక్కించు."

ఇప్పుడు ఉండేది ఆ సీసా అని చెప్పాను. సీతాలు లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళి, సరే ఎక్కించండి అంది.

ఎక్కిస్తున్నంతసేపూ నేను మీ అల్లుడుగారి మంచం దగ్గరే ఉన్నాను. కూర్చోబెట్టే ఎక్కించారు, బొట్టు తర్వాత బొట్టు. సీసా చల్లగా ఉంది. ఆయన ఒకసారి దగ్గారు. ఇంకాసేపటికి ఆయాసం వస్తే? ఏమన్నా అయితే సీతాలు ముఖం ఎలా చూడను? మీకేం జవాబు చెప్పను? డాక్టరు వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విన్నారు. ఏమీ లేదు, ఉత్త దగ్గే అన్నారు. ఆయనేమో కళ్ళు తెరిచి ఆకలేస్తోందన్నారు.

బతికారు, అత్తా. పుండు మానడానికి మందులిచ్చారు. కారం, కాఫీ మానేశారు. మొన్న చేను గట్టు దాకా నడిచారట.

మరుదులు చెప్పినట్టే సాయంత్రం బస్సుకు దిగారు. వచ్చినవాళ్ళను డాక్టరు ఊరికే పంపలేదు, ఇద్దరి దగ్గరా నెత్తురు తీసుకున్నారు. ఒకరిది మర్నాడు మీ అల్లుడికే పనికొచ్చింది. ఇంకొకరిది చల్లపెట్టెలోకి పోయింది. ఎవరికో ఎక్కించేనాటికి అదీ పాత నెత్తురే అవుతుంది కదా వదినా అంది సీతాలు. అని తనే నవ్వింది... నవ్వుతూనే ఏడ్చింది.

బయలుదేరే ముందు డాక్టరు ఇంకో సంగతి కూడా చెప్పారు. ఒకరి నెత్తురు ఇంకొకరి ఒంట్లో కొన్ని నెలలే ఉంటుందట, తర్వాత ఒళ్ళు తన నెత్తురు తనే చేసుకుంటుందట. అంటే మీరిచ్చింది పాప పాకడం నేర్చేలోపే అయిపోయిందన్నమాట. బస్సులో దారంతా అదే ఆలోచన. మరి ఆ తర్వాత అన్నేళ్ళూ నన్ను మీ నెత్తురని పిలిచారే... ఈ సంగతి ముందే తెలిసుంటే మానేసేవారా?

ఇకమీదట ఎవరైనా అడిగితే రెండూ చెబుతాను. అందరూ వెనక్కి జరిగిన చోట మీరు చేయి చాపారని చెబుతాను. డాక్టరు తనకు తెలియదన్నారనీ చెబుతాను. ఒకటి చెప్పి ఒకటి దాచను. ఇది నేను మీకిస్తున్న మాట.

సీతాలు గురించి దిగులు పెట్టుకోకండి. వచ్చే శుక్రవారం చోళపురం వెళ్తున్నాను.

మీ కోడలు,
కృష్ణమ్మ